పొరుగు ధర్మాన్ని తెలుసుకుందాం, మన హక్కును నిలుపుకుందాం

(నెల్లూరు తీర ప్రాంతంలో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హిందూ ధర్మం, నేటి సమాజం, రాజకీయం అనే అంశంపై మాట్లాడమని మమ్మల్ని కోరినప్పుడు, ముస్లింల సభలో ఈ విషయం దేనికని కొందరు అడిగారు. మన గోడకు ఆవల నివసించే మనిషి దేనిని విశ్వసిస్తున్నాడో, ఆ విశ్వాసం పేరు చెప్పి ఎవరెవరు ఏమి చేస్తున్నారో తెలియకుండా మన హక్కుల గురించి మాట్లాడలేము. అందుకే ఒప్పుకున్నాము.

ముందుగా మన మధ్య జరిగిన ఒక సంగతి. గత సంవత్సరం మన తీర గ్రామాలలో ఒకచోట తిరునాళ్ళు జరిగాయి. మూడు తరాలుగా అక్కడ గాజుల కొట్టు పెట్టుకుంటున్న మన కుటుంబానికి ఈసారి చోటు లేదన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు. పేరే కారణమని అందరికీ తెలుసు. ఆ రాత్రి ఇషా నమాజు తరువాత మన యువకులు మసీదు ముందు గుమిగూడి, "రొట్టెల పండుగలో వాళ్ళ కొట్లు మనమూ తీయించేద్దాం" అన్నారు. వారి కోపం న్యాయమైనది. ఎంచుకున్న ఉపాయం మాత్రం న్యాయమైనది కాదు.

మరునాడు మేము నలుగురం ఆలయ పెద్దల వద్దకు వెళ్ళాము. వారిలో ఒక వృద్ధుడు, "మా అమ్మ పెళ్ళికి గాజులు తొడిగింది వాళ్ళ నాయనమ్మే" అని తల వంచుకున్నారు. చివరకు చోటు ఇచ్చారు. అయితే పాత చోటు కాదు, వరుస చివర ఇచ్చారు. దీనిని విజయమని మేము చెప్పుకోము. కాని ఆ కుటుంబం ఆ మూడు రోజులు కొట్టు తెరిచింది. గాజులు కొన్నవారిలో అత్యధికులు హిందూ స్త్రీలే.

ఈ సంఘటనలో హిందూ ధర్మం ఏది? చోటు లేదన్న మాటా, తల వంచుకున్న ఆ పెద్దాయనా? ఈ తేడాను గుర్తించడమే నేటి మన ప్రసంగానికి మూలం.

హిందూత్వం, హిందూ మతం ఒకటి కావని మొదట చెప్పినవారు మనం కాదు. 1923లో 'హిందూత్వ' అనే గ్రంథం వెలువరించిన సావర్కరే ఆ రెండింటినీ వేరు చేశారు. మతం అందులో ఒక భాగం మాత్రమేనని ఆయన వాదన. ఈ దేశాన్ని పితృభూమిగానే కాక పుణ్యభూమిగా కూడా భావించేవాడే హిందువని ఆయన నిర్వచించారు. మక్కా వైపు తిరిగి నమాజు చేసే మనము ఆ నిర్వచనంతోనే బయట నిలబడ్డాము. ఇది జాతిని గురించిన రాజకీయ సిద్ధాంతమే తప్ప దైవారాధన కాదు. 1995లో సుప్రీంకోర్టు ఒక ఎన్నికల వివాదంలో హిందూత్వం జీవన విధానమని వ్యాఖ్యానించిన తరువాత ఈ తేడా ప్రజల మనసుల్లో మసకబారింది.

మరి ధర్మం మాటేమిటి? అందులో మొదటి నుంచీ వాదులాట ఉంది. మన వేమన గుడినీ, కులాన్నీ, కపట గురువులనూ నిలదీశాడు. అయినా తెలుగు పిల్లలు నేటికీ ఆయన పద్యాలతోనే చదువు మొదలుపెడతారు. మన నెల్లూరులోనే 1946లో పొట్టి శ్రీరాములుగారు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనుల ప్రవేశం కోసం నిరాహార దీక్ష చేశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో ప్రాణం అర్పించిన ఆ మహనీయుడు, అంతకు ఆరేళ్ళ ముందు తన ధర్మంలోని అన్యాయాన్ని తానే ఎదిరించాడు. ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడులో 1921లో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం పెన్న ఒడ్డున నేటికీ ఉంది. అక్కడి భవనానికి ధనమిచ్చిన రుస్తుంజీ పార్సీ మతస్థుడు. తమ ఇంటిని తామే సరిదిద్దుకోవాలని కోరిన హిందువులు మన జిల్లాలోనే ఇందరుండగా, "వాళ్ళందరూ అంతే" అని మనం ఎలా అనగలము?

న్యాయస్థానంలోనూ ఒక ఉదాహరణ ఉంది. ఆలయాలకు చెందిన దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదని 2015లో మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. శ్రీశైలంలో ఏళ్ళ తరబడి వ్యాపారం చేసుకుంటున్న ముస్లింలు దానిపై కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడిపోయినా వారు ఆగలేదు. కేవలం మతం కారణంగా వారిని వేలం నుంచి తప్పించరాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆలయ ఆవరణలో మద్యం అమ్మరాదనడం వేరు, పూలో బొమ్మలో అమ్మేవాడు హిందువే కావాలనడం వేరు అన్నది న్యాయమూర్తుల ఆలోచన. మన యువకులు ఆ రాత్రి తెలుసుకుని ఉండవలసింది ఇదే. ప్రతీకారం ఒక్క రాత్రి కోపాన్ని తీరుస్తుంది. న్యాయపోరాటం రేపు మరొక గాజుల కొట్టును నిలబెడుతుంది.

ఇక రొట్టెల పండుగ. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా వద్ద, స్వర్ణాల చెరువు నీటిలో దిగి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, పెళ్ళి రొట్టె ఇచ్చిపుచ్చుకునే లక్షల మందిలో ఎవరు ఏ మతమో నీటికి తెలియదు. కోరిక తీరినవారు మరుసటి ఏడాది వచ్చి అదే రొట్టెను మరొకరికి ఇస్తారు. షహీదులు కలలో కనబడింది చెరువు గట్టున నిద్రించిన ఒక రజక స్త్రీకని జనశ్రుతి. 2015లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఈ ఆచారం దీన్‌కు సమ్మతమా అని మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. దానిపై ఆలిములు మాట్లాడాలి. ఆ చెరువులో నిలబడిన హిందూ సోదరిని అవమానించే హక్కు మాత్రం మనలో ఎవరికీ లేదు. అక్కడ ఆమె కొట్టు తీయించడమంటే మన షహీదుల ముంగిట మనమే గోడ కట్టడం.

రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన మేము మరొక సంగతి చెప్పాలి. పాత ఇనాం రిజిస్టర్లలో గుడి మాన్యం, మసీదు మాన్యం ఒకే పుస్తకంలో ఉంటాయి. కాని 2025 వక్ఫ్ సవరణ చట్టం ప్రకారం ముస్లిం కానివారు వక్ఫ్ చేయలేరు. 2013 నాటి సవరణ ఆ అవకాశాన్ని ఎవరికైనా ఇచ్చింది. మొక్కు తీర్చుకుని దర్గాకు సెంటు భూమి రాసివ్వదలచిన హిందూ రైతుకు ఆ దారి మూసుకుపోయింది. మరోవైపు వక్ఫ్ బోర్డులో ముస్లిమేతర సభ్యులు ఉండాలని అదే చట్టం అంటుంది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో, రాష్ట్ర బోర్డులోని పదకొండుగురిలో వారు ముగ్గురికి మించరాదన్నది. వక్ఫ్ చేసేవారు ఐదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తుండాలన్న నిబంధనను నియమావళి వచ్చేవరకు నిలిపివేసింది. మన రాష్ట్రంలోని 1987 దేవాదాయ చట్టం ఆలయాల పాలన హిందువుల చేతిలోనే ఉండాలంటుంది. అది సబబే. అదే సూత్రం మన సంస్థలకూ వర్తించాలని అడగడం వేర్పాటువాదం కాదు, సమానత్వం.

చివరగా అద్దం మన వైపు తిప్పుకుందాం. హిందూ సమాజంలోని కులాన్ని విమర్శించే మనము దూదేకుల ఇంటికి పిల్లనిస్తున్నామా? బీసీ-ఇ జాబితా కింద నాలుగు శాతం రిజర్వేషన్ కోరేటప్పుడు మనలో వెనుకబాటు ఉందని ఒప్పుకుంటాము. పెళ్ళి పందిట్లో మాత్రం ఆ మాట మరచిపోతాము. పొరుగువారి ధర్మంలోని సంస్కర్తలను మెచ్చుకునే అర్హత, మన ఇంటిని మనం ఊడ్చుకున్నప్పుడే వస్తుంది.

మీకు మా విన్నపాలు మూడు. మీ గ్రామంలోని మసీదు, దర్గా, ఖబరస్తాన్ భూములకు అడంగల్, ఇనాం రిజిస్టరు నకళ్ళు తీసి జాగ్రత్త పెట్టండి. ఎవరినైనా మతం పేరిట తిరునాళ్ళలో అడ్డగిస్తే, ముందు ఆలయ పెద్దలను కలవండి, తరువాత లిఖితపూర్వకంగా అధికారులకు ఫిర్యాదు చేయండి, అవసరమైతే కోర్టుకు వెళ్ళండి. ఫోనులో వచ్చిన విద్వేషపు మాటను, అది ఎవరిపైనైనా సరే, మరొకరికి పంపకండి.

ఆ గాజుల కుటుంబం ఈ ఏడాది కూడా తిరునాళ్ళకు వెళుతుంది. ఈసారి పాత చోటే ఇవ్వమని ఇప్పటికే దరఖాస్తు రాసి ఇచ్చాము. దానిపై సంతకం చేసినవారిలో ఆ ఊరి హిందూ స్త్రీలు కూడా ఉన్నారు. అల్లాహ్ మన మాటల్లో న్యాయాన్ని, మన మనసుల్లో ఓర్పును నిలుపుగాక. ఆమీన్.