పాత సైనిక బూట్లు: చూసే పద్ధతి
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పాత సైనిక బూట్లు సేకరిస్తానని తెలిసినవారు ‘దుకాణం ఎప్పుడు తెరుస్తున్నావు?’ అని అడుగుతుంటారు. నవ్వుకోండి గానీ, ఇంటికి వెళ్లాక అటక మీద ఒకసారి చూడండి.

మన ప్రాంతానికి సైనిక బూటు కొత్త కాదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది, ఈ అడవుల్లో బలగాలు తిరిగాయి. అప్పటికి ఖమ్మం వరంగల్ జిల్లాలో, భద్రాచలం మద్రాసు రాష్ట్రపు తూర్పు గోదావరిలో ఉండేవి. ఆ కాలపు అమ్యునిషన్ బూటుకు మందమైన తోలు అడుగు, దాని నిండా మేకులు, మడమకు ఇనుప లాడం ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల కోసం గుడ్డ, రబ్బరుతో జంగిల్ బూట్లు తయారయ్యాయి.

బూటు దొరికితే చాలామంది పైన మెరుపు చూస్తారు. నేను ముందు తిరగేస్తాను. మేకులు, లాడం, అడుగు ఒకే తీరున అరగాలి. అడుగు అరిగి లాడం మాత్రం కొత్తగా ఉంటే తర్వాత వేసినదని అర్థం. అది తప్పు కాదు, కానీ అమ్మేవాడు ఆ మాట చెప్పాలి. రెండు బూట్ల కొలత, ముద్రలు, అరుగుదల సరిపోలకపోతే అది జత కాదు.

వేళ్ల దగ్గర మడత పడేచోట గీతలుంటే ఫర్వాలేదు. పగులు లోపలి పీచుదాకా దిగితే నష్టమే. పరీక్ష కోసం బూటును వంచకండి, అక్కడే విరుగుతుంది.

తెల్లగుడ్డతో మెల్లగా తుడవండి. ఎర్రటి పొడి అంటితే తోలు లోపలినుంచి చివికిపోతోందన్నమాట. దానికి మందు లేదు, నూనె రాస్తే ఇంకా పాడవుతుంది. పూర్వం మద్రాసు ప్రాంతంలో తంగేడు చెక్కతో తోలు పదును చేసి, చివర కరక్కాయ నీళ్లు పట్టించేవారు. తంగేడు లాంటి చెక్కలతో చేసిన తోలుకు ఈ జబ్బు ఎక్కువ, కరక్కాయతో చేసినదానికి తక్కువ. మన అడవిలో ఏరే కరక్కాయకు అంత పని ఉంది.

తెల్లటి పొర కనిపిస్తే బూజని కంగారు పడకండి. కొంచెం వెచ్చటి గాలి తగిలించండి. కరిగి మాయమైతే అది తోలులోని కొవ్వు. మాయం కాకపోతే బూజు కావచ్చు.

పాల్వంచ వైపునుంచి ఒకామె చనిపోయిన తన తండ్రి బూట్లు తెచ్చింది. ఇంటి అవసరానికి డబ్బు కావాలి. నిజమే చెప్పాను: తోలు చివికింది, కుడి మడమ బయటివైపు బాగా అరిగింది, సేకరించేవాళ్లు పెద్దగా ఇవ్వరు. ఆమె ఆ మడమ మీద వేలు పెట్టి, ‘నాన్న కుడికాలు ఈడ్చి నడిచేవాడు సార్’ అంది. నేను ధర తగ్గించిన గుర్తే ఆమెకు తండ్రి నడక. కొనగలిగేవాణ్ణే, కానీ అడగలేదు. ఆయన పేరు, పల్టణం, పనిచేసిన ఏళ్లు ఒక కాగితం మీద రాయించి బూట్లతోపాటు ఇచ్చాను. అవసరం సంగతి వేరే దారిలో చూసుకున్నాం.

ఇంకొక మాట. ఇప్పటి బలగాల బూట్లు నేను ముట్టుకోను. అడవి అంచు ఊళ్లలో ఆకుపచ్చ బూటు మీద ప్రశ్నలు లేస్తాయి. పాతవి కొన్నా రసీదు ఉంచుకుంటాను.

మీ ఇళ్లలో సైన్యంలో పనిచేసిన పెద్దల బూట్లుంటే పాలిష్ వేయకండి, ఎండలో పెట్టకండి, వానాకాలంలో పాలిథిన్ సంచిలో కట్టిపెట్టకండి. లోపల శుభ్రమైన నూలుగుడ్డ కుక్కి, గాలి ఆడేచోట ఉంచండి. అవి ఎవరివో తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే పేరు రాసుకోండి. ఆ వివరాలు మన సంఘానికి పంపితే ఈ బడినుంచి సైన్యానికి వెళ్లినవారి జాబితా మొదలుపెడదాం. రాసే పని నేను చూసుకుంటాను.

సెలవు.