మన సంతకంతో మానసిక ఆసుపత్రికి

(బిలాస్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. యోగా చేయండి, నవ్వుతూ ఉండండి అని చెప్పి కూర్చోవచ్చు. అవి మీరు వాట్సాప్‌లో రోజూ చదువుతూనే ఉన్నారు. అందుకని ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి తీసుకున్నాను. డాక్టరుగారు ‘కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంటే మంచిది’ అన్నప్పుడు, మన ఇష్టంతో మానసిక ఆసుపత్రిలో చేరితే, లోపల ఏం జరుగుతుంది?

4 ఏళ్ల క్రితం నేను అలా చేరి 17 రోజులు ఉన్నాను. తర్వాత నా సీటుకు తిరిగి వచ్చాను. నా భార్య, మా అబ్బాయి మీ మధ్యే కూర్చున్నారు. వాళ్లను అడిగిన తర్వాతే ఇది చెబుతున్నాను. ఆసుపత్రి పేరు మాత్రం ఇక్కడ అవసరం లేదు.

ముందు మన భయం సంగతి చూద్దాం. తెలుగులో ఎర్రగడ్డ, చినవాల్తేరు అనే మాటలు వెక్కిరింతకు వాడతాం. హిందీవాళ్లు రాంచీ, ఆగ్రా అంటారు. అవన్నీ వైద్యం జరిగే చోట్లే. ఇక్కడ మనకు రతన్‌పూర్ దారిలో, కోనీ దాటాక, సెంద్రీలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. మహామాయ గుడికి వెళ్లేటప్పుడు మీలో చాలామంది ఆ ఊరి మీదుగా వెళ్లే ఉంటారు.

ఈ ఊళ్లో మన తెలుగువాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. కాలనీలో ఒకరింటి కబురు బుధవారీ బజార్‌కు చేరడానికి ఒక పూట చాలు. బదిలీ మీద వచ్చిన నాలాంటివాళ్లకేమో ఆపదలో తలుపు తట్టడానికి చుట్టాలే ఉండరు. ఒకరికి అందరూ తెలుసన్న భయం, ఇంకొకరికి ఎవరూ తెలియరన్న భయం.

ఇక చట్టం దగ్గరికి వస్తాను. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 నుంచి అమలులో ఉంది. 18 ఏళ్లు నిండిన మనిషి తనంతట తాను చేరడాన్ని అందులో ఇండిపెండెంట్ అడ్మిషన్ అన్నారు. 86వ సెక్షన్ దాని గురించే. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది ఒక్క సంతకంతో నడిచే ఖాతా. భర్తదో, భార్యదో, తండ్రిదో సంతకం అక్కర్లేదు. డాక్టరు మూడు సంగతులు చూస్తారు. జబ్బు చేరాల్సినంత తీవ్రంగా ఉందా, చేరితే మేలు జరుగుతుందా, ఈ మనిషి అర్థం చేసుకుని తన ఇష్టంతోనే అడుగుతున్నాడా? చేరిన తర్వాత కూడా చికిత్స ఏమిటో చెప్పి, మనం ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.

బయటికి వచ్చేది కూడా మన మాట మీదే. ఇలా చేరినవాళ్లు వెళ్తామంటే పంపించాలని 88వ సెక్షన్ చెబుతుంది. ఒక మినహాయింపు ఉంది, అది ముందే తెలిసి ఉండాలి. ప్రాణానికి ముప్పు ఉందని, లేదా నిర్ణయం తీసుకునే స్థితిలో లేరని డాక్టరుకు అనిపిస్తే, పరీక్ష కోసం 24 గంటల వరకు ఆపవచ్చు. అప్పటికీ అవసరమైతే 89వ సెక్షన్ కింద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, రోగి ప్రతినిధి దరఖాస్తు మీద 30 రోజుల వరకు ఉంచవచ్చు.

ఆ ప్రతినిధిని మనమే రాసిపెట్టుకోవచ్చు. నామినీ అంటే మనకు కొత్త కాదు కదా! మన నామినీ ఖాతాదారు పోయాక వస్తాడు. ఈ నామినీ మనం బతికి ఉండగానే మన తరఫున నిలబడతాడు. కాబట్టి మీకు నచ్చినవాళ్లను, మీ మనసు తెలిసినవాళ్లను రాయండి.

ఎంబీఏలో మాకు ఏ పనినైనా దశలుగా విడగొట్టి చూడమని నేర్పారు. ఇది కూడా అలాగే చెబుతాను.

మొదటిది, చేరే ముందు. మానసిక సమస్య ఉన్న చాలామందికి ఆసుపత్రిలో ఉండాల్సిన అవసరమే రాదు. ఓపీలో చూపించుకుని, మందులతో, కౌన్సెలింగ్‌తో బాగవుతారు. నిద్ర, తిండి పూర్తిగా పోయినప్పుడు, చనిపోవాలన్న ఆలోచనలు వదలనప్పుడు, మందులు దగ్గరుండి సరిచూడాల్సినప్పుడు చేరమంటారు. నాకు వారాల తరబడి నిద్ర లేదు. వోచర్‌లో అంకెలు కనబడేవి, బుర్రకు ఎక్కేవి కావు. నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు నయం అనిపించడం మొదలైంది. ఆ మాట డాక్టరుగారికి చెప్పాను. ఆయన కంగారు పడలేదు. ఎన్నాళ్లనుంచి, ఏ వేళల్లో అని అడిగి రాసుకున్నారు. అంత మాట చెబితే ఏమవుతుందోనని మీలో ఎవరికైనా భయం ఉంటే, ఏమీ కాదు, చెప్పండి.

సంచీలో ఏం పెట్టుకోవాలి? పాత చీటీలు, బీపీ, షుగర్ మాత్రల పేర్లు, ఆధార్, బీమా కార్డు, వదులుగా ఉండే బట్టలు, చెప్పులు, కళ్లజోడు, ఒక పుస్తకం. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఫోను తీసి దాచే వార్డులున్నాయి. నగలు ఇంట్లోనే ఉంచండి. బెల్టు, బ్లేడు, కత్తెర, గాజు సీసాలు, ఛార్జరు వైరు తీసేసుకుంటారు. అది అవమానం అనుకోవద్దు. ఆ వార్డులో అందరి ప్రాణం కోసం పెట్టిన నియమం.

ఇంకొక్కటి, భాష. ‘గుండెల్లో గుబులు’ అన్న మాటకు హిందీలో నాకు సరైన మాట దొరకలేదు. అందుకని ముందు రోజు రాత్రి తెలుగులో ఒక పేజీ రాసుకున్నాను, మా ఆవిడ హిందీలో చదివి చెప్పింది. మన పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని చట్టమే అంటోంది.

రెండోది, లోపల. మొదటి రోజంతా ప్రశ్నలే. ఒకే సంగతి ముగ్గురు అడుగుతారు, విసుక్కోవద్దు. రక్తపరీక్షలు చేస్తారు, థైరాయిడ్ కూడా చూస్తారు. మొదట్లో మందుల మత్తు ఉంటుంది. రాత్రి నర్సు టార్చిలైటుతో వచ్చి చూసి వెళ్తుంది. పొద్దున టీ, మాత్రలు నర్సు ఎదుటే మింగడం, డాక్టరు రౌండు, మధ్యాహ్నం కౌన్సెలింగో, బృందంగా కూర్చుని మాట్లాడటమో, సాయంత్రం క్యారమ్స్. నిజం చెప్పాలంటే అక్కడ భయం కన్నా విసుగే ఎక్కువ. రోజూ అదే వేళకు తిని, అదే వేళకు పడుకోవడంతోనే సగం మనిషి కుదుటపడతాడు.

సినిమాల్లో చూపించే గొలుసులు, ఒంటరి గది చట్టం నిషేధించింది. బలవంతంగా గుండు చేయకూడదు. మన బట్టలు మనం వేసుకోవచ్చు. షాక్ చికిత్స మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా చేయకూడదు. నాకు దాని అవసరం రాలేదు. పక్క మంచం ఆయనకు పొద్దున చేశారు, సాయంత్రం నన్ను క్యారమ్స్‌లో ఓడించారు.

నాలుగో రోజు నేను ఇంటికి పోతానన్నాను. డాక్టరుగారు వాదించలేదు. ‘కాగితం ఇస్తాను. ఒక్క రాత్రి ఆలోచించుకుని పొద్దున సంతకం పెట్టండి’ అన్నారు. పొద్దున నేను సంతకం పెట్టలేదు. తలుపు నాకోసం తెరుచుకుంటుందని తెలిశాక, లోపల కూర్చోవడం తేలికైంది. ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్నది ఇంతే. వెళ్లే హక్కు ఉందని తెలిసిన మనిషే ఉండగలుగుతాడు.

మూడోది, ఇంటికి వచ్చాక. డిశ్చార్జి అంటే ఖాతా ముగించినట్టు కాదు. మొదటి కొన్ని వారాలు జాగ్రత్త ఎక్కువ కావాలి. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడతాయి. బాగుందనిపించగానే ఆపకూడదు, డాక్టరు చెప్పినప్పుడే తగ్గించాలి. తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ చేతిలో పెట్టుకునే ఇంటికి రండి.

ఇప్పుడు కుటుంబాలకు ఒక మాట. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిచి, ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు ఉంచారు. ఇంటివాళ్లు పక్కనుంటే రోగి తొందరగా కోలుకుంటాడని, ఇంటివాళ్ల భయం కూడా పోతుందని అక్కడ చూశారు. కాబట్టి వెళ్లండి, కూర్చోండి. ‘నీకేం తక్కువైంది’ అని మాత్రం అడగకండి. ‘అన్నం తిన్నావా, రేపు మళ్లీ వస్తాను’ చాలు. మా అబ్బాయి అప్పుడు ఏడో తరగతి. ‘నాన్న తిరిగి వస్తారా?’ అని వాళ్లమ్మను అడిగాడు. ఆమె ఊరికి వెళ్లారని అబద్ధం చెప్పకుండా ‘నిద్ర, మనసు బాగోక ఆసుపత్రిలో ఉన్నారు, సాయంత్రం ఫోన్ చేస్తారు’ అంది. ఆ సాయంత్రపు పది నిమిషాల కోసం ఇద్దరం ఎదురుచూసేవాళ్లం.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టం ఉంది. సెలవు దరఖాస్తుకు జతపరిచేది వైద్య ధ్రువపత్రం, మన కథ కాదు. బీమా కంపెనీలు శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టంలోనే ఉంది. చేరే ముందు మన పాలసీలో పరిమితులేమిటో హెచ్‌ఆర్ విభాగంలో కనుక్కోండి, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు భద్రపరచండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థలు ఉద్యోగిని తీసేయడం, హోదా తగ్గించడం కూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. అందులో మానసిక అనారోగ్యం కూడా ఉంది.

ఇవన్నీ గుర్తులేకపోయినా ఒక్క నంబరు గుర్తుంచుకోండి, 14416. ఇది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ఫోన్ దగ్గర ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

భోజనాల దగ్గర నేను ఇక్కడే ఉంటాను. అందరి ముందు అడగలేనిది ఏదైనా ఉంటే పక్కకు పిలవండి. మీ పేరు ఎక్కడికీ పోదు.