ఆ మాట ఎవరిది?



"ప్రభూ, దారి చూపించు" అని ప్రార్థిస్తాం. తరువాత లోపల మెదిలే మాట ఆయనదా, మనదేనా? నాకీ సందేహం మా ఆడపడుచు విషయంలో వచ్చింది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో మిగిలింది పాపం. మా ఇంటికి తీసుకురావాలా అని బైబిలు తెరిచాను. నాకు అనుకూలమైన వచనం దొరికేదాకా పుటలు తిప్పుతూనే ఉన్నాను!

ఒంగోలు క్లౌ దొరగారి కథ మా అమ్మమ్మ చెప్పేది. ఆయన 1866లో ఆ ఊరు వచ్చారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మా పిల్లల్ని మీ బడి మానిపిస్తామన్నారు పై కులాలవారు. దొరగారు తన గదిలో బైబిలు తెరిస్తే మొదటి కొరింథీ పత్రిక, మొదటి అధ్యాయం. లోకం తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. అవతలి గదిలో దొరసానిగారికీ అదే చోటు కనబడిందట! దొరగారు పుట తిప్పలేదు. మాదిగలను చేర్చుకున్నారు, ఆ పిల్లలు బడి మానేశారు. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాని పిల్లలు మానేసిన రోజున ఆ సంగతి ఆయనకేం తెలుసు?

ఆ కథ గుర్తొచ్చి, ఈసారి పుటలు తిప్పకుండా కూర్చున్నాను. తీసుకురా అన్నదొకటే మాట. నాకిష్టం లేదు, అందుకే నాది కాదనిపించింది. మావారితో చెబితే, "నేనే అడుగుదామనుకున్నా, నీకు భయపడ్డాను" అన్నారు.

ఇల్లు ఇరుకే. వంటింట్లో మాటా మాటా వస్తూనే ఉంటుంది. పిల్లలిద్దరూ మా వాళ్లతో కలిసి బడికి వెళుతున్నారు.