శాంతి పాఠానికి జీతం



ఈ స్మారక నిధి ఎవరి పేరిట వెలసిందో ఆ మాస్టారు చరిత్ర చెప్పేటప్పుడు యుద్ధం ఎవరు గెలిచారన్న దగ్గర ఆగేవారు కాదట. సంధిలో ఏం రాసుకున్నారు, అది ఎన్నేళ్ళు నిలిచింది, ఎవరు తప్పారు అని అడిగేవారట. సరిగ్గా ఈ ప్రశ్నల కోసమే కొన్ని విశ్వవిద్యాలయాల్లో శాంతి అధ్యయన శాఖలు పుట్టాయి. ఖర్చు తగ్గించుకోవలసి వచ్చిన ఏట పాలకమండళ్ళ చూపు తొందరగా పడేదీ వాటి మీదే. వాటిని ఎందుకు నిలబెట్టుకోవాలో, ఎలా నిలబెట్టుకోవాలో చెప్పడానికి ఈ గంట వాడుకుంటాను.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1959లో సంఘర్షణల పరిష్కారం మీద ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. కెన్నెత్ బౌల్డింగ్ అనే ఆర్థికవేత్త దానికి ఒక మూలస్తంభం. అంతకు రెండేళ్ళ ముందే ఆయన, సహచరులు కలిసి ఆ విషయం మీద ఒక పరిశోధన పత్రిక మొదలుపెట్టారు. వియత్నాం యుద్ధం మీద అధ్యాపకులూ విద్యార్థులూ రాత్రంతా కూర్చుని చర్చించిన తొలి సభ 1965 మార్చిలో ఆ విశ్వవిద్యాలయంలోనే జరిగింది. 1971లో డబ్బు చాలడం లేదని కేంద్రాన్ని మూసేశారు. అప్పటికి వియత్నాంలో బాంబులు ఇంకా పడుతూనే ఉన్నాయి. పత్రిక మరో విశ్వవిద్యాలయం చేరి బతికింది. కేంద్రం బతకలేదు.

అదే 1971లో, ఒహాయో రాష్ట్రంలోని కెంట్ విశ్వవిద్యాలయం శాంతియుత మార్పు కోసం ఒక కేంద్రాన్ని తెరిచింది. ఎందుకు తెరిచింది? అంతకు ముందు ఏడు మే 4న ఆ ప్రాంగణంలోనే యుద్ధ నిరసనకు దిగిన విద్యార్థుల మీద నేషనల్ గార్డు సైనికులు 13 సెకన్లలో 67 తూటాలు కాల్చారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. ఆ నలుగురి స్మృతిగా వెలసిన కేంద్రమది. ఒకచోట పన్నెండేళ్ళ పనిని లెక్కల పుస్తకం చూసి ఆపేశారు, మరోచోట పిల్లల నెత్తురు చూశాక మొదలుపెట్టారు. ఇలా నెత్తురు చూశాకే మేలుకోవడం నాకు భరించరానిదిగా తోస్తుంది.

నిలబడిన శాఖ కథ కూడా చెప్పాలి. ఉత్తర ఇంగ్లండులో ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్. అక్కడి విశ్వవిద్యాలయంలో 1973లో శాంతి అధ్యయన పీఠం ఏర్పడింది. యుద్ధాన్ని మతవిశ్వాసంగానే నిరాకరించే క్వేకర్లు చందాలు పోగుచేసి దానికి దారి వేశారు. తొలి ఆచార్యుడు ఆడమ్ కర్ల్. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధం తర్వాత ఈ రెండు దేశాల నాయకుల మధ్య, ఆపైన నైజీరియా-బయాఫ్రా యుద్ధంలో ఇరుపక్షాల మధ్య మాటలు మోసిన క్వేకర్ బృందాల్లో ఆయన ఉన్నారు. హార్వర్డ్ ఆచార్య పదవి వదిలి బ్రాడ్‌ఫర్డ్ వచ్చారు.

1981లో బ్రిటన్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల గ్రాంటులు కోసినప్పుడు బ్రాడ్‌ఫర్డ్‌కు దాదాపు మూడోవంతు పోయింది. 1984లో కరోలిన్ కాక్స్, రోజర్ స్క్రూటన్ ఒక పుస్తకమే రాసి, శాంతి అధ్యయనం చదువే కాదు, రాజకీయ ప్రచారమన్నారు. ఈ విమర్శను కొట్టిపారేయను. ప్రజల సొమ్ముతో నడిచే శాఖను గట్టి ప్రశ్నలు అడగవలసిందే. కానీ ఆ శాఖ చేసిన పనీ చూడాలి. జీవశాస్త్రవేత్త మాల్కమ్ డాండో అక్కడే కూర్చుని క్రిమి ఆయుధాల నిషేధ ఒప్పందంలోని లోపాలను ఏళ్ళ తరబడి వెతికారు. 1975లో అమలులోకి వచ్చిన ఆ ఒప్పందానికి ఎవరు పాటిస్తున్నారో తనిఖీ చేసే యంత్రాంగమే లేదు. పోర్టన్ డౌన్‌లో బ్రిటన్ రక్షణ ప్రయోగశాలను నడిపిన గ్రాహమ్ పియర్సన్, ఆ పదవి వదిలాక ఈ శాఖకే అతిథి ఆచార్యుడిగా వచ్చి డాండోతో కలిసి పనిచేశారు. రక్షణ రంగంలో అంత పెద్ద బాధ్యత మోసిన మనిషి శాంతి శాఖ గడప తొక్కాడంటే, అక్కడ జరిగేది వట్టి నినాదాల పని కాదు.

కర్ల్ తన డెబ్బైలలో కూడా యుగోస్లావియా చీలిక యుద్ధాల కాలంలో క్రొయేషియాలోని ఒసియెక్ వెళ్ళి, అక్కడ శాంతి కేంద్రం కట్టుకుంటున్న స్థానికులకు అండగా నిలిచారు. 1973లో ఒక పీఠానికి పెట్టిన ఖర్చు 1992లో ఎక్కడో ఒక ఊరికి అక్కరకొచ్చింది. వార్షిక నివేదికలో ఏ గడిలో రాస్తారు దీన్ని?

ఇక మన దగ్గరికి వద్దాం. 1997లో ఎస్.ఆర్. శంకరన్ సారథ్యంలో పౌర స్పందన వేదిక ఏర్పడింది. అంతకు పదేళ్ళ ముందు, 1987లో, తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో శంకరన్ ఒకరు. ఆయనే ఇటు ప్రభుత్వాన్నీ అటు నక్సలైట్లనూ హింస గురించి నిలదీస్తూ, ఇద్దరినీ మాటల దగ్గరికి తేవడానికి ఏళ్ళు వెచ్చించారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ఇరుపక్షాలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఆయుధాలతో ఊళ్ళలోకి రావచ్చా, భూముల పంపకం ఎలా అన్న చిక్కులు తెగలేదు. కొన్ని నెలలకే అంతా కూలింది, మళ్ళీ తుపాకులు మోగాయి.

కూలిన చర్చలు కూడా పాఠమే, బహుశా గెలిచిన చర్చల కంటే పెద్ద పాఠం. నమ్మకం ఎక్కడ తెగింది? కాల్పుల విరమణను ఎవరు పర్యవేక్షించాలి? 2011లో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకుపోయినప్పుడు మధ్యవర్తుల్లో ఒకరిగా వెళ్ళినది ఒక రాజనీతి శాస్త్ర ఆచార్యుడు, హరగోపాల్ గారు. అంటే అవసరం వచ్చినప్పుడు సమాజం విశ్వవిద్యాలయం వైపే చూసింది. అలాంటి మనుషులను తయారుచేసే చోటు కూడా అదే కావాలి కదా? వాన మొదలయ్యాక చెరువు కట్ట వేయలేం.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. దాతలు విద్యార్థులకు సాయం చేయగలరు. రోటరీ ఫెలోషిప్పులతో 2002 నుంచి దేశదేశాల వాళ్ళు బ్రాడ్‌ఫర్డ్‌లో చదువుతున్నారు. ఆ ఫెలోషిప్పులు అక్కడికి వచ్చింది పాఠం చెప్పే శాశ్వత అధ్యాపకులు అప్పటికే ఉన్నందువల్ల. మూడేళ్ళ ప్రాజెక్టు డబ్బు మీద, ఏటేటా పొడిగించే కాంట్రాక్టు మీద ఉన్న అధ్యాపకుడు ఇరుపక్షాల నమ్మకాన్నీ ఎలా సంపాదిస్తాడు? నమ్మకానికి పదేళ్ళు పడుతుంది. కాబట్టి జీతం విశ్వవిద్యాలయ బడ్జెట్‌లోనే ఉండాలి. ఈ శాఖకు యంత్రాలు అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు. కోస్తే మిగిలేది స్వల్పం, పోయేది మాత్రం మళ్ళీ కూడగట్టలేనిది.

2004 చర్చల వెనుక ఉన్న శంకరన్, పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ ఇద్దరూ 2010లో వెళ్ళిపోయారు. ఆ చర్చల్లో పాలుపంచుకున్న పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు గారు 2020లో పోయారు. మిగిలినవారి జ్ఞాపకాలు రికార్డు చేయాలి. ఉత్తరాలు, కరపత్రాలు, సమావేశాల రాతప్రతులు ఒకచోట చేర్చాలి. అవి చదివి, ప్రశ్నించి, తరగతిలో చెప్పాలి. దీనికి ఒక శాశ్వత అధ్యాపకుడు, ఇద్దరు పరిశోధకులు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆ మూడు జీతాలు వచ్చే బడ్జెట్‌లో చేర్చమని కోరే వినతిపత్రం ఆ బల్ల మీద ఉంచాను. నా సంతకం పెట్టాను. వెళ్ళే ముందు మీరూ చదివి సంతకం చేయండి. ఇంట్లో ఆనాటి కాగితాలు ఏవైనా ఉంటే వాటి సంగతి కూడా పక్కన రాసి వెళ్ళండి.