చమురు డబ్బు, ఇంటి జాగా

ఈ సభలో మనం స్మరించుకుంటున్న మాస్టారు ఏ ఆర్థిక విధానం గురించైనా ముందు ఒకటే అడిగేవారు: డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతోంది? కువైట్ ఇళ్ల సంగతి ఆ ప్రశ్నతోనే ఎత్తుకుంటాను. కడప జిల్లాలో, కోనసీమలో కువైట్ దినార్లతో లేచిన డాబాలు మనం చూస్తూనే ఉన్నాం. ఆ దినార్ల దేశంలో మాత్రం కొత్తగా పెళ్లయిన పౌరుడికి సొంతిల్లు గగనమైపోయింది.

కువైట్ చమురు ఎగుమతి 1946లో మొదలైంది. 1950ల్లో ప్రభుత్వం పాత నగరంలోని ఇళ్లూ స్థలాలూ ఉదారమైన ధరలు ఇచ్చి కొనేసింది. ఖాళీ చేసినవాళ్లకు నగర ప్రాకారం బయట కొత్త పేటల్లో చవగ్గా ప్లాట్లిచ్చింది. 1957లో ఆ ప్రాకారాన్నే పడగొట్టేశారు. చమురు రాబడిని జనానికి పంచడానికి ఎంచుకున్న దారి అది. పంపకం సమంగా జరిగిందా అంటే, లేదు. ముందే ఆస్తులున్న వర్తక కుటుంబాలకే పెద్ద వాటా దక్కింది. అందులో కొంత విదేశాలకు పోయింది, కొంత మళ్లీ స్థలాల్లోకే వెళ్లింది.

తర్వాత ఇల్లు హక్కయింది. పెళ్లయిన కువైటీ అర్జీ పెట్టుకుంటే 400 చదరపు మీటర్ల ప్లాటు, కట్టుకోవడానికి 70,000 దినార్ల వడ్డీలేని అప్పు, వంతు వచ్చేదాకా నెలకు 150 దినార్ల అద్దె భత్యం. వినడానికి బాగానే ఉంది. వరుసలో ఉన్నది దాదాపు లక్ష కుటుంబాలు. పదిహేనేళ్లు దాటినా వంతు రానివాళ్లున్నారు. పెళ్లి కాగానే పెట్టిన అర్జీకి ఫలితం దక్కేసరికి పెద్ద పిల్ల హైస్కూలుకొస్తుంది.

లోపం డబ్బుది కాదు, జాగాది. నేల చాలామటుకు సర్కారుదే. కానీ అందులో పెద్ద భాగం చమురు అవసరాల కింద ఉంది. మిగిలిన ఎడారి, రోడ్డూ కరెంటూ రానిదే ప్లాటు కాదు. నీళ్లు సముద్రం నుంచి ఉప్పు తీసి తేవాలి, వాటినీ నామమాత్రపు ధరకే ఇవ్వాలి. ప్రతి కొత్త ఇల్లూ ఖజానాకు ఏటేటా ఖర్చే. ముత్లా అనే కొత్త నగరంలో 28,000 పైచిలుకు ప్లాట్లు వేశారు. వరుస తరగలేదు.

2023లో రెండు చట్టాలొచ్చాయి. ఒకటి నివాస నగరాల నిర్మాణంలోకి కంపెనీలను రానిస్తుంది. రెండోది ఖాళీ స్థలాలు పోగేసుకున్నవాళ్ల మీద భారం వేస్తుంది. నా మటుకు నాకు రెండోదే అసలు సంస్కరణ. స్థలాల ధర దిగకుండా అప్పు ఎంత పెంచినా అది చివరికి స్థలం అమ్మేవాడి జేబులోకే చేరుతుంది.

ఇక, ఈ లెక్కలోకే రానివాళ్లు. జనాభాలో మూడింట రెండొంతులు విదేశీయులు. కువైటీల పెద్ద ఇళ్లలో పనిమనిషికో చిన్న గది ఉంటుంది. మన ఆడవాళ్లు ఎంతోమంది బతికేది అలాంటి గదుల్లోనే. ఒంటరి మగ కార్మికులకు కుటుంబాల పేటల్లో అద్దెకిళ్లివ్వరు. మహబూలా, జలీబ్ లాంటి పేటల్లో మంచాల లెక్కన సర్దుకోవాలి. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల భవనం అంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లు.

కువైట్ తన పౌరులకు ఇల్లెలా ఇచ్చుకోవాలో కువైటే తేల్చుకుంటుంది. మనవాళ్ల కొలువు ఒప్పందాల్లో జీతంతో పాటు ఒక్కో మనిషికి ఎంత చోటు, గదికి ఎందరు, భవనానికి ఎన్ని మెట్లదారులు అన్నది రాయించాల్సింది మాత్రం మన ప్రభుత్వాలే. ఆ పని ఇప్పటికైనా చేయమని ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను.