స్కూబా మునకకు గురువు నెన్నుకొనుట



సెలవులకు కుటుంబసమేతముగ అండమాను దీవులకు పోవు తెలుగువారు నేడు పలువురు కలరు. 2018లో స్వరాజ్ ద్వీపమని నామాంతరము పొందిన హేవ్‌లాక్ దీవిలో, వీపున గాలి సిలిండరు ధరించి సముద్రములో మునుగు స్కూబా విద్యను చవిచూపు సంస్థలు అనేకము. ఒకరు వెల తగ్గింతుమందురు. మరియొకరు నీటిలోని ఛాయాచిత్రములు ఉచితమందురు. భార్యాబిడ్డలతో వచ్చిన గృహస్థు ఎవరిని నమ్మవలెను? ఇదియే నేటి ప్రసంగవిషయము.

మొదట నీటి స్వభావము తెలియవలెను. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి అదనముగ చేరును. 10 మీటర్ల లోతున నిండుగ పీల్చిన గాలి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో, రెండింతలుగ వ్యాకోచింప జూచును, ఊపిరితిత్తులు చిరుగును. కావుననే ఊపిరి బిగబట్టరాదనునది ఈ విద్యకు ప్రథమసూత్రము. కాని బెదరిన బాలుడు సహజముగ చేయునది ఊపిరి బిగబట్టి పైకి ఉరుకుటయే. ఆ క్షణమున వానిని పట్టి నిలుపు చేయి ఎవరిదో, ఆ చేతినే మనము సొమ్మిచ్చి ఎన్నుకొనుచున్నాము.

మంచి సంస్థకు రెండు లక్షణములు కలవు. మనము అడుగకమునుపే మనలను ప్రశ్నించుట మొదటిది. అవసరమైనపుడు కాదని చెప్పగలుగుట రెండవది. ఉబ్బసము, గుండెజబ్బు, మూర్ఛ, చెవి వ్యాధి, ఇటీవలి శస్త్రచికిత్స, గర్భము - వీనినిగూర్చిన ప్రశ్నాపత్రమును వారు ఓపికతో నింపింపవలెను. జలుబుచేసిన వానిని ఆనాటికి ఆపవలెను. ఏలయన ముక్కు, చెవి మార్గములు మూసికొనియున్నచో ఒత్తిడి సమము గాక కర్ణభేరి చిరుగవచ్చును. "అన్నిటికి లేదని వ్రాసి సంతకము చేయుడు" అనువాని గడప వెంటనే దిగిరావలెను.

వయస్సు విషయమునను అంతియే. ప్యాడీ అను అంతర్జాతీయ శిక్షణసంస్థ నియమముల ప్రకారము సముద్రములో తొలిమునకకు 10 ఏండ్లు నిండియుండవలెను; శిక్షణ పొందనివారు 12 మీటర్ల లోతు మించరాదు. ఎనిమిదేండ్ల పిల్లలకు 2 మీటర్లు మించని నీటిలో ఆడుకొను పద్ధతి వేరుగ కలదు. ఏడేండ్ల పిల్ల ఏడ్చినదని ఈ నియమమును సడలించువాడు దయాళువు కాడు. ఇక పెద్దల సరదాకై భయస్థుడైన పిల్లవానిని నీట దింపుటయు తగదు. "నీకు ఇష్టమేనా?" యని వానిని ఒంటిగ అడుగుడు.

పిమ్మట మనము ప్రశ్నింపవలసినవి. శిక్షకుని యోగ్యతాపత్రము ఎచటిది? ప్యాడీ, ఎస్.ఎస్.ఐ. వంటి సంస్థలు తమ శిక్షకులకు సంఖ్య నిచ్చును, దానిని సరిచూచుకొనవచ్చును. ఒక శిక్షకునికి ఎందరు? తొలిసారి దిగు పిల్లవానికి ఒక్కడే తోడుగ నుండుట మేలు. లోతునకు పోకముందు మోకాటిలోతు నీటిలో ఏమి నేర్పుదురు? కళ్లకు కట్టిన తొడుగులోని నీరు వెడలించుట, చేతి సైగలు తప్పక నేర్పవలెను. గట్టుమీద బొటనవ్రేలు పైకెత్తుట "బాగున్నది" యను సైగ. నీటిలో అది "పైకి పోదము" అని యర్థము. ఈ భేదము చెప్పని శిక్షకుడు తొందరపడుచున్నాడని గ్రహింపుడు.

పరికరములను కన్నులార చూడుడు. శిక్షకుని వద్ద రెండవ నోటిగొట్టము ఉన్నదా? సిలిండరు మెడపై పరీక్షాకాలము చెక్కబడియున్నదా? సాధారణముగ 200 బార్ల వరకు నింపిన సిలిండరులో 50 బార్లు మిగిలియుండగనే పైకి చేరవలెను. గాలిలో నూనె వాసనగాని పొగ వాసనగాని తోచినచో దిగరాదు. గాలి నింపు యంత్రము ఇంజను పొగను పీల్చినదేమో. అందుగల కార్బన్ మోనాక్సైడుకు సొంత వాసనయే లేదు. పడవలో అత్యవసరమునకు ప్రాణవాయువు, దానిని వాడ నేర్చినవాడు ఉండవలెను.

మీ విమానము ఎప్పుడని అడుగువాడు మంచివాడు. లోతున నెత్తురులో కరగిన నత్రజని మెల్లమెల్లగ వెలికి పోవలెను. ఒక్క మునక తరువాత 12 గంటలైనను, పలు మునకల తరువాత 18 గంటలైనను గడువక విమాన మెక్కరాదు. కావున మునకను ప్రయాణపు తొలిదినములలో నుంచుకొనుడు.

కడపట ధనమును గూర్చి ఒక మాట. సొమ్మంతయు ముందే చెల్లించిన కుటుంబము, అలలు లేచినను, బిడ్డకు జలుబుచేసినను, "ఇచ్చినది పోవునే" యని నీటిలో దిగును. ప్రమాదమునకు ఇది మనము స్వయముగ తెరచిన ద్వారము. కావున వాతావరణమువలన గాని, అస్వస్థతవలన గాని మానినచో సొమ్ము తిరిగి ఇత్తురా యని ముందే వ్రాతపూర్వకముగ తెలిసికొనుడు. గట్టున నిలిచి "నేడు వలదు" అని చెప్పి, మీ రూకలు మీ చేత పెట్టు సంస్థ దొరికినచో, మరునాడు నిశ్చింతగ మీ బిడ్డ చేతిని వారి చేతి కందింపుడు.