గోడ నిలుపు బురద

1900లో అమెరికాలోని టెక్సాసునందు, స్పిండిల్‌టాప్ దిబ్బపై నూనెబావి త్రవ్వుచుండగా ఇసుక కూలి రంధ్రము పూడిపోవుచుండెను. హామిల్ సోదరులు నీటిగుంటలో పశువులను త్రొక్కించి, ఆ బురదను లోనికి పంపిరని చెప్పుదురు. గోడ నిలిచినది, 1901 జనవరిలో చమురు పైకెగసినది.

అయితే గోడను నిలుపు బురదయే బావిని చంపవచ్చును. చమురు భూమిలో చెరువువలె ఉండదు. రాతి సూక్ష్మరంధ్రములలో ఉండును. బురద బరువు మితిమీరినచో దాని నీరును, రేణువులును ఆ రంధ్రములలో దూరును. మంచినీరు తగిలి అందలి బంకమన్ను ఉబ్బును. చమురుండియు బావి గొడ్డుపోయినట్లు తోచును.

అందుచే చమురుపొర చేరువైనపుడు బురదను మార్చుదురు. మన్ను ఉబ్బకుండ పొటాషియం క్లోరైడును, రంధ్రముఖములను మూయుటకు తగిన సున్నపురాతి పొడిని కలుపుదురు. పని ముగిసిన పిదప ఆ పూతను ఆమ్లముతో కరగింతురు.

మనము ఇంటిగోడకు వేయు పూత కలకాలము నిలువవలయును. ఈ పూత మాత్రము వేళకు తొలగవలయును.